సాఫ్ట్‌వేర్ బాగయ్యాక

ఫిబ్రవరి 3

ఈ లాప్‌టాప్‌ని కిటికీలోంచి కిందికి విసిరేయాలనిపించింది. కింద వాటావాళ్ళ సైకిళ్ళున్నాయని ఊరుకున్నాను.

అక్క చెవి మిషన్‌లో శబ్దం సర్దాలంటే దాని ప్రోగ్రామ్ తెరవాలి. అది పాత సిస్టమ్‌లో తప్ప నడవదు. చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. నేను చెవి పరీక్షలు చేసే క్లినిక్‌లోని ముసలి కంప్యూటర్ పోయిన ఏడాది ప్రాణం విడిచినప్పుడు మా మరిది వచ్చి, ఆ పాత సిస్టమ్ మొత్తాన్ని ఈ లాప్‌టాప్ కడుపులో పెట్టి వెళ్ళాడు. వర్చువల్ మిషన్ అంటారు. కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్. మొదట్లో బుద్ధిగానే ఉండేది. ఇప్పుడు బాణం గుర్తుని జరపమంటే ఆలోచించుకుని జరుపుతోంది. ఒక మీట నొక్కి, వెళ్ళి అంట్లు తోమి వచ్చాను. తెర మీద ఇసుక గడియారం అలాగే తిరుగుతోంది.

అక్క ఎదురుగా కూర్చుని ఓపిగ్గా చూసింది. మిషన్ తీసి వైరుకి తగిలించాక ఆమెకి ఏమీ వినపడదు. కుడి చెవి చిన్నప్పుడే జ్వరంలో పోయింది. ఉన్న ఒక్క ఎడమ చెవీ ఈ మిషన్ మీద నడుస్తోంది.

"అయిందా?" అంది. లేదని తల అడ్డంగా ఊపాను.

"పోనీ రేపు చూద్దువులే. నీ కళ్ళు చూడు, ఎలా గుంటలు పడ్డాయో."

ఈమధ్య మాటల చివర్లు తెగిపోతున్నాయంటోంది. సెట్టింగ్ కాస్త పెంచితే సరిపోతుంది. అంతకన్నా ఏమీ లేదు.

ఫిబ్రవరి 4

మా ఆయన సలహా: "రీస్టార్ట్ చేశావా?"

ఈయన జ్వరమొచ్చినవాళ్ళని కూడా రీస్టార్ట్ చేయమనే రకం. చేశాను. ఏమీ మారలేదు.

ఫిబ్రవరి 6

అక్కని ఫోన్ దగ్గర్నుంచి తీసేశారు.

నీళ్ళ ఆఫీసులో ఫిర్యాదుల ఫోన్ అంటే అక్క, అక్క అంటే ఆ ఫోన్. ఏ వీధి కింద ఏ పైపు పోతోందో, ఏ వాల్వు తిప్పితే ఎవరి ఇంట్లో కుళాయి ఆగుతుందో ఆమెకి కంఠతా వచ్చు. ఫోన్ చేసినవాళ్ళు "ఆ మేడమ్‌కే ఇవ్వండి" అని అడిగేవాళ్ళు. అలాంటి మనిషిని ఫైళ్ళ గదిలో కూర్చోబెట్టారు. తాత్కాలికంగానట. చెవి పరీక్ష చేయించుకుని రమ్మన్నాడట సూపర్‌వైజరు.

అక్క ఈ సంగతి అన్నం తింటూ చెప్పింది, కూరలో ఉప్పు తక్కువైందన్నట్టు. నాకే ఒళ్ళు మండింది. వెళ్ళి ఆయన్ని కడిగేసి వస్తానన్నాను.

"వద్దే చిట్టీ. ఆయన మంచివాడే" అంది.

అక్కకి అందరూ మంచివాళ్ళే. నేను మాత్రం ఒకటి అనుకున్నాను. ఈ నెల దాటేలోపు ఆమెని మళ్ళీ ఆ ఫోన్ దగ్గర కూర్చోబెట్టాలి. దానికి కావాల్సింది మిషన్ సర్దడం. దానికి కావాల్సింది ఈ దరిద్రపు లాప్‌టాప్ కదలడం.

ఫిబ్రవరి 7

క్లినిక్‌లో డాక్టరుగారు అడిగారు, "మీ అక్కగారిని వినికిడి పరీక్ష బూత్‌లో కూర్చోబెట్టావా?" అని.

"ముందు మిషన్ సర్దాలి సార్. సాఫ్ట్‌వేర్ బాగయ్యాక పరీక్ష చేస్తా."

"మిషన్‌లో సెట్టింగులు వాటంతటవి మారవు కదమ్మా" అన్నారు, మందుల చీటీ మీంచి తలెత్తకుండా.

అప్పుడప్పుడు మారతాయి.

ఫిబ్రవరి 8

మారవు. నాకు తెలుసు. కానీ పాతబడ్డ మిషన్. ఏదైనా జరగొచ్చు.

ఫిబ్రవరి 10

మరిదితో ఫోన్‌లో చాలాసేపు మాట్లాడాను. లోపలి కంప్యూటర్‌కి మెమరీ ఎంత ఇచ్చారు వదినా అని అడిగాడు. ఉన్న ఎనిమిది జీబీలో ఏడు ఇచ్చానన్నాను. మొన్న విసుగొచ్చి నేనే పెంచాను, ఎక్కువ పెడితే ఎక్కువ పనిచేస్తుందని.

అటువైపు నుంచి నవ్వు.

"చుట్టానికి అన్నమంతా వడ్డించేసి ఇంట్లోవాళ్ళని పస్తు పెట్టారు. బయటి లాప్‌టాప్‌కే ఊపిరాడకపోతే అది లోపలిదాన్ని ఎలా మోస్తుంది? సగానికి దించండి."

దించాను. నిజంగానే కొంచెం కదిలింది. పోయిన ప్రాణం లేచొచ్చినట్టు అనిపించింది. ప్రోగ్రామ్ తెరుచుకుంది. అక్క చెవి మిషన్‌ని అది గుర్తుపట్టింది. సెట్టింగ్ పెంచి, దాన్ని మిషన్‌లోకి రాయమని మీట నొక్కాను. సగంలో ఆగి, పరికరం స్పందించడం లేదంది. మళ్ళీ నొక్కాను. మళ్ళీ అదే.

ఇది మంచిది కాదు. ఈ పాత మిషన్లలో సగం రాసి ఆగిపోతే మొత్తం మూగబోయే ప్రమాదముంది. ఇవాళ బతికిపోయాం.

ఫిబ్రవరి 11

అలసిపోయాను. రాయడానికేమీ లేదు.

ఫిబ్రవరి 13

ఇవాళ ఒక పెద్దాయన్ని పరీక్ష చేశాను. బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడట. చెవి బాగా దెబ్బతింది. భార్య పక్కనే కూర్చుంది. నేను చెప్పే మాటలు చెప్పాను: నరం బలహీనపడింది, మిషన్ కొంతవరకే సాయం చేస్తుంది, మీరు మొహం చూసి మాట వినడం అలవాటు చేసుకోవాలి, ఇంట్లోవాళ్ళు ఎదురుగా వచ్చి మాట్లాడాలి. ఒక్క గుక్కలో చెప్పేశాను. రోజూ చెప్పేదే.

ఆవిడ, "ఇంకేం చేయలేమా అమ్మా?" అంది.

"ఒప్పుకోవడం మొదటి మెట్టమ్మా" అన్నాను. ఎంత తేలిగ్గా వస్తుందో ఆ మాట నా నోట్లోంచి.

ఇంటికొచ్చి లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. మరిది చెప్పినట్టు వైరస్‌లు వెతికే ప్రోగ్రామ్‌ని ఆ ఫోల్డర్ జోలికి పోవద్దని కట్టడి చేశాను. పాత కంప్యూటర్ మొత్తం ఒకే పెద్ద ఫైలుగా ఉంటుందట. కదిలినప్పుడల్లా కాపలావాడు మూట విప్పించి చూస్తున్నాడట. ఇప్పుడు కొంచెం నయం. నత్త కాస్త తాబేలయింది.

అక్క టీవీ చూస్తోంది. శబ్దం పెట్టుకోలేదు. అడిగితే, "నీ పనికి అడ్డమని" అంది. నా మీద ఎంత శ్రద్ధో.

ఫిబ్రవరి 15

భయపడ్డదే జరిగింది. సాయంత్రం మళ్ళీ రాయబోతే సగంలో ఆగింది. ఈసారి మిషన్ చచ్చిపోయింది. బ్యాటరీ మార్చాను. చెవి దగ్గర పెట్టుకుని విన్నాను, చప్పరించి చూడడం ఒక్కటే తక్కువ. ఏ చప్పుడూ లేదు. ఇన్నేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ చెవులు బాగుచేసి, సొంత అక్క చెవి నా చేత్తోనే మూసేశాను.

కాగితం మీద రాసి చూపించాను: మిషన్ చెడిపోయింది, రేపు పొద్దున క్లినిక్‌లో బాగుచేస్తా. అక్క చదివి, నా నెత్తి మీద చెయ్యి వేసి, అన్నానికి లేవమంది.

భోజనాల దగ్గర మా ఆయన ఆఫీసులో లిఫ్టు ఆగిపోయిన కథ చెప్పారు. అక్క అందరితోపాటు నవ్వింది. ఏ అంతస్తులో ఆగిందని కూడా అడిగింది. నన్ను పెరుగు ఇటివ్వమంది. నేను, "కొంచెం పులిసింది అక్కా" అంటే, "పరవాలేదులే" అంది. మిషన్ లేకుండా ఎంత బాగా సర్దుకుందో. అక్క ధైర్యం నాకు ఎప్పటికీ రాదు.

ఫిబ్రవరి 16

బతికింది. పొద్దున్నే క్లినిక్‌కి పట్టుకెళ్ళి, వైరు మార్చి, లాప్‌టాప్‌కి క్లినిక్‌లోని ఇంకో ఛార్జర్ పెట్టి, దేవుడికి దండం పెట్టుకుని పాత సెట్టింగునే మళ్ళీ రాశాను. ఈసారి చివరిదాకా వెళ్ళింది. తర్వాత తెలిసిందేమిటంటే, ఇన్నాళ్ళూ ఛార్జర్ పిన్ను వదులై, లాప్‌టాప్ బ్యాటరీ పొదుపులో నడుస్తోంది. పొదుపులో ఉంటే అది కావాలనే మెల్లగా పనిచేస్తుందట. కొత్త ఛార్జర్ తెచ్చుకున్నాను.

మిషన్ అక్క చెవిలో పెట్టి, "ఇప్పుడెలా ఉంది?" అన్నాను.

"హమ్మయ్య" అంది.

ఫిబ్రవరి 19

నయమే కానీ చాలదు. పది నొక్కుల్లో మూడు పోతున్నాయి. ఇలాంటిదాంతో కొత్త సెట్టింగు రాసే సాహసం మళ్ళీ చేయను. మరిదిని ఆదివారం రమ్మన్నాను.

డాక్టరుగారు మళ్ళీ అడిగారు. సాఫ్ట్‌వేర్ బాగయ్యాక అన్నాను. ఈసారి తలెత్తి నావైపు చూశారు.

ఫిబ్రవరి 22

ఆదివారం. మరిది వచ్చాడు. చెప్పులు విప్పుతూనే, "పేషెంటు ఎక్కడ వదినా?" అన్నాడు. లాప్‌టాప్ అతని ముందు పెట్టాను. అవీ ఇవీ నొక్కి, ఒక చోట ఆగిపోయాడు. తెర మీద మెట్లు మెట్లుగా ఒక పొడుగాటి వరస దిగుతోంది. తోస్తున్నకొద్దీ ఇంకా వస్తోంది.

"ఇవేంటి వదినా?"

"స్నాప్‌షాట్లు. నువ్వే కదా చూపించావు, ఏదైనా మార్చే ముందు ఉన్నదున్నట్టు దాచుకోవచ్చని."

"ఒకటి రెండు దాచుకోమన్నా. ఇన్నా?"

"ముట్టుకున్న ప్రతిసారీ దాచాను. మా పనిలో మొదటి పాఠమే అది. చెవిలో పూచికపుల్లంత మార్పు చేసినా ముందున్నది భద్రం చెయ్యాలి. రోగి వెనక్కి వెళ్ళాలంటే దారి ఉండాలి."

మరిది నుదురు పట్టుకున్నాడు. "ఇవి ఫొటోలు కావు వదినా, ఒకదాని మీద ఒకటి పరిచిన దుప్పట్లు. కింద మంచం తగలాలంటే ప్రతిసారీ అన్నీ తడుముకుంటూ దిగాలి. అదీ దీని రోగం. మెమరీ కాదు, వైరస్ కాదు. మీ జాగ్రత్తే."

మా ఆయన సోఫాలోంచి, "నేను పెళ్ళయినప్పట్నుంచీ చెప్తున్నా" అన్నారు.

"అన్నయ్యా, నువ్వుండు. వదినా, పెళ్ళికి ముందురోజుది ఒకటి దాచుకోవాల్సింది మీరు" అన్నాడు మరిది.

"దాచినా లాభం లేదు. ఈ లాప్‌టాప్‌లో తెరుచుకునేదా?" అన్నాను.

అందరం నవ్వాం. అక్క కూడా నవ్వింది, మాకన్నా ఒక్క క్షణం ఆలస్యంగా.

మందు ఒక్కటే. ఆ దుప్పట్లన్నీ కలిపి కుట్టేసి ఒకటే చేయడం. గంటల తరబడి పడుతుంది. మధ్యలో కరెంటు పోయినా, ఎవరైనా మూత వేసినా మొత్తం పోయినట్టే. అయ్యాక వెనక్కి వెళ్ళే దారి ఉండదు. ఇవాళే చేసేద్దామన్నాడు. వచ్చేవారం అన్నాను. "ఎందుకు? ఇప్పుడు ఖాళీనే కదా?" అన్నాడు. డిస్కులో చోటు చాలదన్నాను. అది నిజమే. మా ఆయన సినిమాలు కొన్ని తీసేస్తే సరిపోతుందని అతను అంటే, ఆయన గుండె పట్టుకున్నారు. ఆ గోలలో సంగతి దాటిపోయింది.

ఫిబ్రవరి 25

చేయాలి. రేపు.

ఫిబ్రవరి 26

రేపు.

ఫిబ్రవరి 27

మరిది మెసేజ్ పెట్టాడు: అయిందా వదినా?

ఎందుకు చేయడం లేదో నాకే తెలీడం లేదు. ఆ వరసలో మొదటిది అక్కకి అన్నీ వినపడిన రోజులది. అప్పటి సెట్టింగు అందులో ఉంది. ఆ రోజుల్లో నేను వంటింట్లోంచి గొణిగినా ముందు గదిలోంచి సమాధానం వచ్చేది. దాన్ని కలిపేస్తే ఆ రోజు పోతుందన్నట్టు కూర్చున్నాను. చదువుకున్నదాన్ని. నవ్వుకోవాలి.

మార్చి 1

ఆదివారం. మొదలుపెట్టాను. మా ఆయన పెద్ద మనసు చేసుకుని సినిమాలు తీసేశారు, శోకాలు పెట్టకుండా. పొద్దున్నుంచీ బల్ల దగ్గరే కాపలా. తెర మీద గీత చీమలా పాకింది. ఇంట్లో ఎవరూ మిక్సీ వేయకూడదని ఆజ్ఞ జారీ చేశాను. ఎక్కడ ఫ్యూజు పోతుందోనని. ఎవరైనా లాప్‌టాప్ మూత వైపు చెయ్యి చాపితే ఆ చెయ్యి పట్టుకుని పక్కకి తోశాను.

అక్క పక్కన కూర్చుని బట్టలు మడతపెట్టింది. మధ్యలో మంచినీళ్ళు తెచ్చిచ్చింది. ఒకసారి నా మొహం ఎత్తి చూసి, "ఇంత కష్టపడుతున్నావు" అంది. ఆ గొంతులో జాలి ఉంది. నా మీద జాలెందుకో అర్థం కాలేదు.

చీకటి పడకముందే అయిపోయింది. వరసంతా పోయి ఒక్కటే గీత మిగిలింది. ప్రోగ్రామ్ నొక్కాను. నొక్కీ నొక్కకముందే తెరుచుకుంది. ఊళ్ళో ఉన్న దేవుళ్ళందరికీ దండం పెట్టాను.

మార్చి 2

సెట్టింగు రాశాను. ఒక్కసారికే ఎక్కింది. ఎక్కడా ఆగలేదు. మిషన్ ఇవ్వగలిగినంత పైకి పెంచాను.

"ఎలా ఉంది?"

"బాగుందే" అంది నవ్వుతూ.

బాగుందంది. ఇంక వారంలో ఫోన్ దగ్గరికి. సూపర్‌వైజరు మొహం ఎలా పెడతాడో చూడాలి.

మార్చి 3

బాగుంది.

మార్చి 4

వంటింట్లో అక్క నా వైపు వీపు పెట్టి కూరగాయలు తరుగుతోంది. పక్క పొయ్యి మీద పాలు అంచుదాకా వచ్చాయి. నేను గుమ్మంలో ఉన్నాను. "అక్కా, పాలు" అన్నాను. తరుగుతూనే ఉంది. "అక్కా, పాలు పొంగుతున్నాయి" అని గట్టిగా అన్నాను. ఆమె కత్తి ఎక్కడా తడబడలేదు. పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి. మాడువాసన వచ్చాక ఉలిక్కిపడి ఆర్పింది. వెనక్కి తిరిగి నన్ను చూసి, "చూడు, ఎంత పరధ్యానమో" అంది.

మిషన్‌లో బ్యాటరీ కొత్తది. మిషన్ చెవిలోనే ఉంది. సెట్టింగు చిట్టచివరి మెట్టు మీద ఉంది. లాప్‌టాప్ గుర్రంలా పరిగెడుతోంది.

ఇంక వంక దొరకలేదు నాకు.

మార్చి 6

పరీక్ష చేశాను. రాయాలని లేదు. కానీ రాయకపోతే రేపటికల్లా ఏదో ఒక సాకు అల్లేస్తాను. నా సంగతి నాకు తెలుసు.

మధ్యాహ్నం పేషెంట్లు లేని సమయంలో రమ్మన్నాను. బూత్‌లో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు పెట్టి, చేతికి మీట ఇచ్చాను. శబ్దం వినపడినప్పుడల్లా నొక్కితే నా బల్ల మీద చిన్న దీపం వెలుగుతుంది. మా ఇద్దరి మధ్య అద్దం కిటికీ. చిన్నప్పట్నుంచీ ఎన్నో బూత్‌లలో కూర్చున్న మనిషి. ఇదంతా ఆమెకి కొట్టిన పిండి.

మొదటి శబ్దం పంపాను. దీపం వెలిగింది. రెండోది. వెలిగింది. తక్కువ శబ్దానికి కూడా వెలిగింది. మనసులో సూపర్‌వైజరుకి చెప్పాల్సిన మాటలన్నీ వరసగా పేర్చుకున్నాను. అప్పుడు మొహం మీద పడ్డ జుట్టుని వెనక్కి తోసుకున్నాను. దీపం వెలిగింది.

నేను ఏ శబ్దమూ పంపలేదు.

ఊరికే భుజం కదిపాను. వెలిగింది. అక్క కళ్ళు నా భుజం మీదే ఉన్నాయి.

కుర్చీ తిప్పుకుని గోడవైపు కూర్చున్నాను. ఆమెకి నా వీపే కనపడేలా. దీపం మాత్రం నాకు కనపడేచోట పెట్టుకున్నాను. మళ్ళీ మొదలుపెట్టాను. తక్కువతో కాదు, ఈసారి ఎక్కువతోనే. దీపం వెలగలేదు. ఇంకా పెంచాను. వెలగలేదు. మోటారు హారన్ అంత. వెలగలేదు. పరికరంలో ఇంక పైమెట్టు లేనంతవరకు వెళ్ళాను. అక్కడ ఆగి, ఆ దీపాన్ని చూస్తూ కూర్చున్నాను. ఒక్కసారి వెలుగు, నీకు పుణ్యముంటుంది అనుకున్నాను. దింపుడు కళ్ళం ఆశ అంటారే, అది.

డాక్టరుగారు వచ్చి కాగితం చూశారు. నరమే పోయింది, మిషన్ ఎంత అరిచినా అందుకునేది ఉండాలి కదమ్మా అన్నారు. చెవి లోపల పరికరం అమర్చే ఆపరేషన్ సంగతి అడిగాను. ఈ నరంతో ఆశ పెట్టుకోవద్దని మెల్లగా చెప్పారు. నేను చెప్పనా మీ అక్కగారికి అని కూడా అడిగారు. వద్దన్నాను.

బూత్ తలుపు తీశాను. అక్క హెడ్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకుని ఉంది.

"వెనక్కి ఎందుకు తిరిగావే?" అంది.

రోజూ ఒక్క గుక్కలో చెప్పే మాటలు. ఒక్కటీ రాలేదు. ఆమె ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుని, "అక్కా, లాప్‌టాప్‌ది కాదు. మిషన్‌ది కూడా కాదు" అన్నాను.

"తెలుసే" అంది.

"ఎప్పట్నుంచి?"

"చలికాలం నుంచి తగ్గుతూనే ఉంది. మిషన్ చచ్చిపోయిందని రాసి చూపించావు చూడు, ఆ రోజు నాకేం తేడా తెలీలేదు. మీ ఆయన చెప్పిన లిఫ్టు కథంతా మూతి చూసే నవ్వాను. అంతకుముందు రెండు వారాల్నుంచీ అంతే."

"మరి చెప్పొచ్చు కదా. నేను ఆ లాప్‌టాప్‌తో అంత కొట్టుకుంటుంటే చూస్తూ కూర్చున్నావు."

"అదే కదా. నువ్వు అంత కొట్టుకుంటున్నావు. అది బాగైతే నేను బాగవుతానని నీ మొహంలో ఎంత ఆశో. మధ్యలో ఎలా చెప్పను? దాన్ని బాగుచేసుకోనీ, తర్వాత చూద్దాంలే అనుకున్నా."

"మరి బాగుందన్నావు మొన్న?"

"ఇంకేమనాలి, దేవుళ్ళందరికీ దండం పెట్టినదానివి."

అప్పుడు ఇంకో మాట చెప్పింది. సూపర్‌వైజరుని ఏమీ అనొద్దంది. ఫైళ్ళ గది అడిగింది తనేనట. పరీక్ష చేయించుకుని రా, మళ్ళీ ఫోన్ దగ్గరే కూర్చుందువుగాని అని ఆయనే బతిమాలాడట.

"ఒకరోజు ఎవరో ఆవిడ ఫోన్ చేసింది. నేను నీళ్ళు రావడం లేదా, పైపు పగిలిందా, ఏ వీధి అని అడుగుతూనే ఉన్నాను. పక్క సీటావిడ వచ్చి ఫోన్ తీసుకుని వింది. అవతలావిడ ఏడుస్తోందట. ఇంట్లో పసిపిల్లని పెట్టుకుని, నీళ్ళు నిండిపోతున్నాయని. మాట తెలీకపోతే పోనీ చిట్టీ. ఏడుపు కూడా తెలీలేదు నాకు. ఆ రోజే వెళ్ళి అడిగేశాను."

నేను ఏడ్చాను. క్లినిక్‌లో తెల్లకోటు వేసుకుని, పేషెంటు కూర్చునే బూత్‌లో కూర్చుని, ఏదేదో చెప్తూ ఏడ్చాను. అక్క ఏడవలేదు. నా గడ్డం పట్టుకుని మొహం తనవైపు తిప్పుకుంది. కళ్ళు తుడవడానికనుకున్నాను.

"ఏడుస్తూ మాట్లాడకు. అర్థం కావడం లేదు" అంది.

మార్చి 7

ఎవరికీ ఏమీ చెప్పాలనిపించలేదు. పడుకున్నాను.

మార్చి 9

మరిది ఫోన్ చేశాడు. "స్పీడెలా ఉంది వదినా?"

"నొక్కకముందే తెరుచుకుంటోంది."

"చెప్పానా. పెద్దొదినకి ఇప్పుడు బాగా వినపడుతోందా?"

చెప్పాను. ఎప్పుడూ ఏదో ఒక వేళాకోళం చేసే మనిషి. ఇవాళ, "నేను కూడా ఆ దుప్పట్లే చూశాను వదినా" అన్నాడు. అతని తప్పేముంది. రోగిని వదిలి లాప్‌టాప్‌ని పేషెంటు చేసింది నేను.

మార్చి 11

అక్క మిషన్ ఇంకా పెట్టుకుంటోంది. ఎందుకన్నాను.

"అలవాటు. లేకపోతే చెవికి చలేస్తుంది."

మార్చి 14

ఇంట్లో అందరికీ మాట్లాడడం మళ్ళీ నేర్పాల్సొస్తోంది. మా ఆయన కంచంలోకి చూస్తూ మాట్లాడే మనిషి. అక్క గరిటెతో ఆయన కంచం అంచు మీద కొడుతోంది. తలెత్తి మళ్ళీ మొదట్నుంచీ చెప్తున్నారు. అసలు చెప్పేదే రెండు ముక్కలు, అవి కూడా రెండుసార్లు చెప్పాల్సి రావడంతో ఇప్పుడు ఆలోచించి చెప్తున్నారు. ఇది మాత్రం లాభమే.

నేనే అందరికన్నా అన్యాయం. పక్క గదిలోంచి పిలుస్తాను. అల్మారాలో తలపెట్టి మాట్లాడతాను. ఊళ్ళోవాళ్ళకి ఎదురుగా వచ్చి మాట్లాడండని పాఠాలు చెప్పే మనిషిని.

ఇవాళ డాక్టరుగారి దగ్గరికి ఒకావిడ తల్లిని తీసుకొచ్చింది. ఆవిడకి చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. బయట పేషెంట్లు విసుక్కున్నారు.

మార్చి 17

సాయంత్రం ఇంటికి రాగానే అక్కకి ఒక సంగతి చెప్పాలనిపించింది. పెద్దదేమీ కాదు. బస్సులో ఒకాయన గొడుగు నా భుజానికి తగిలించి దిగిపోయిన సంగతి. చెప్తే నవ్వుతుంది.

గుమ్మంలోంచే మొదలుపెట్టబోయాను. అక్క ముందు గదిలో కిటికీ వైపు తిరిగి, జడ విప్పుకుని కూర్చుని ఉంది. నోటిదాకా వచ్చిన మాట ఆపుకున్నాను. సంచీ కింద పెట్టి, గది దాటి వెళ్ళి, ఆమె ముందు నేల మీద కూర్చున్నాను. అక్క దువ్వెన పక్కన పెట్టి నా మొహంలోకి చూసింది.

అప్పుడు చెప్పడం మొదలుపెట్టాను.